నష్టపడకూడని తునకలు

ధ్యానభాగములు: నిర్గమకాండము 35:25–35, యోహాను 6:1–13



అండమాను దీవులలో తెలుగు మాట పరాయిది కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారము ఆ దీవులలో నూటికి సుమారు 13 మందికి తెలుగు మాతృభాష. 2024లో శ్రీ విజయ పురమని పేరు మార్చబడిన పోర్ట్ బ్లెయిరు పట్టణమందలి గోల్ ఘర్‌లోనేమి, జంగ్లీఘాటులోనేమి, పెద్దలు సముద్రము దాటి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబములు కలవు. విశాఖపట్టణమునుండి ఓడలో బంకు తరగతిని పయనించిన వారికి ఆ దినములు తెలియును. చుట్టును నీరు, చేయుటకు పని లేదు, వచ్చిన ఊరు కనబడదు, పోవు ఊరు ఇంకను రాలేదు. పరచుకొనుటకు ఇంటినుండి తెచ్చుకొన్న బొంత యొక్కటే పాత ఇంటి గురుతు.

బొంత యెట్టిదో మనకందరికిని తెలియును. కట్టి కట్టి నలిగిన నూలు చీరలను, చిరిగిన పంచెలను పొరలు పొరలుగా పరచి, అంచునుండి నడిమికి సన్నని కుట్లు వేయుదురు. ఒంటిగా నిలువలేని గుడ్డ పది పొరలలో ఒకటియై చలిని ఆపును. ఈ సామాన్యమైన పనిని సముద్రముమీద, ఓడలో, చెరపట్టబడిన స్త్రీలకు నేర్పిన సంగతి యొకటి చరిత్రలో నున్నది. దానిని ఈ దినము ధ్యానింతము.

1858 మార్చిలో మొదటి ఖైదీలను అండమానుకు దింపిరి. ఆ ప్రయాణమునకు మన దేశస్థులు కాలాపాని యని పేరు పెట్టిరి. దానికి 17 సంవత్సరములు ముందుగా, 1841 ఏప్రిల్‌లో, రాజా అను పేరుగల ఓడ 180 మంది స్త్రీ ఖైదీలతో ఇంగ్లండునుండి బయలుదేరి, నేడు టాస్మానియా అనబడు దీవికి పోయెను. క్వేకరు విశ్వాసియైన ఎలిజబెత్ ఫ్రై 1813లో లండనులోని న్యూగేటు చెరసాలలో స్త్రీల దురవస్థను కన్నులార చూచెను. తరువాత ఆమెయు ఆమె తోడి స్త్రీలును ఒక సమాజముగా కూడి, ఓడ ఎక్కు ఖైదీ స్త్రీలకు సంచులు పంచిపెట్టిరి. ఒక్కొక్క సంచిలో నూరు సూదులు, రంగు దారములు, వ్రేలితొడుగు, కత్తెర, రెండు పౌనుల గుడ్డ తునకలు. రాజా ఓడలో ఆ స్త్రీలకు పెద్దదిక్కుగా పోయినది కెజియా హేటర్. ఆమె వయస్సు సుమారు 23. జూలైలో ఓడ హోబర్టు రేవు చేరునప్పటికి, వారిలో కొందరు కలిసి 2815 తునకలతో ఒక గొప్ప అతుకుల బొంతను కుట్టి ముగించిరి. ఆ కుట్లన్నియు ఒక్క రీతిగా నుండవు. కొన్ని ఆరితేరిన చేతివి, కొన్ని అప్పుడే సూది పట్టిన చేతివి.

ఇందులో మనము గ్రహింపవలసిన సంగతులు మూడు.

మొదటిది, తునకలను ప్రభువు విడిచిపెట్టడు. అయిదు వేలమంది తృప్తిగా తినిన తరువాత, మిగిలిన ముక్కలను పోగుచేయుడని యేసు శిష్యులకు ఆజ్ఞాపించెను. ఏమియు నష్టపడకూడదనుటయే ఆయన ఉద్దేశము. ఇచ్చట గ్రీకు మూలములోని క్రియను గమనింపుడి. దేవుని కుమారునియందు విశ్వాసముంచువాడు నశింపడని 3:16లో చెప్పబడినప్పుడును, తండ్రి తనకిచ్చిన వారిలో ఒకనినైనను పోగొట్టుకొనకూడదని 6:39లో చెప్పబడినప్పుడును వాడబడినది అదే క్రియ. తెలుగులో మూడుచోట్ల మూడు మాటలు రావలసివచ్చినందున ఆ పోలిక మన కంటికి మరుగైనది. రొట్టెముక్కను నష్టపోనియ్యని హృదయమే మనిషిని నశింపనియ్యదు. ఆ ఓడలోని స్త్రీలను వారి దేశము తునకలవలె కత్తిరించి పారవేసెను. వారి చేతులలో తునకలే పెట్టి, వీటినుండి పూర్ణమైనదొకటి చేయవచ్చునని ఒకరు వారితో చెప్పిరి. ఇదియు సువార్తయే.

రెండవది, నేర్పుట ఆత్మవరము. యొప్పేలో దొర్కా విధవరాండ్రకు అంగీలు కుట్టి యిచ్చెను. ఆ ప్రేమను సంఘము మరువలేదు. అయితే ప్రత్యక్షపు గుడారము కట్టబడిన దినములలో దేవుడు మరియొక వరమునుగూడ అనుగ్రహించెను. బెసలేలునకును అహోలీయాబునకును చేతిపని మాత్రమే గాక, ఇతరులకు దానిని నేర్పు బుద్ధినిగూడ ఆయన వారి హృదయమందు పుట్టించెనని 35:34 తెలుపుచున్నది. నూలు వడికిన స్త్రీలను ఆ అధ్యాయము జ్ఞానహృదయులని పిలుచుచున్నది. హెబ్రీయులకు జ్ఞానము నోటిలోనే గాక చేతిలోను ఉండెడిది.

వస్త్రము నిచ్చినయెడల పుచ్చుకొనువాని చలి తీరును. నేర్పవలెనన్నచో, వాని ప్రక్కను కూర్చుండి, తప్పు కుట్టును విప్పి, ఓపికతో మరల వేయింపవలెను. నేర్పువాడు నేర్చుకొనువానిని తనతో సమానునిగా ఎంచినగాని అది జరుగదు. క్రిస్మసు దినమున చీరలు పంచుట మన సంఘములకు సులువు. ఏడాది పొడుగున వారమున కొక దినము కూర్చుండి నేర్పుట మనకు కష్టముగా నున్నది. ఏలయనగా మొదటిదానిలో మనము దాతలముగా మిగులుదుము. రెండవదానిలో సహోదరులము కావలసియున్నది.

మూడవది, నేర్పుటతో మన ఋణము తీరదు. మన గోదావరి డెల్టాలోనే దీనికి సాక్ష్యమున్నది. 19వ శతాబ్దమున మిషనరీలు నర్సాపురము ప్రాంతపు స్త్రీలకు లేసు అల్లిక నేర్పిరి. ఆ పని వ్యాపించి దేశాంతరములకు పోయెను. కాని 1982లో ప్రకటించిన గ్రంథములో జర్మను సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ చూపినదేమనగా, గంటలకొలది అల్లిన స్త్రీకి దక్కినది స్వల్పమైన కూలి, లాభము వర్తకులది. ఇంట ఊరక కూర్చున్నవారి కాలక్షేపమని దానికి పేరు. బిగపట్టబడిన కూలి మొఱ్ఱపెట్టునని యాకోబు వ్రాసినది (5:4) పొలము కోసినవారినిగూర్చి మాత్రమేయని తలంపవద్దు. సూది నిచ్చిన సంఘము ఆ సూది సంపాదించిన దానినిగూర్చియు అడుగవలెను.

ప్రియులారా, ఒక మాట దాచకూడదు. ఆ బొంత ఆ స్త్రీల శిక్షను తగ్గింపలేదు. రేవు చేరగానే వారు ఖైదీలుగానే దిగిరి. బొంతమీద కుట్టిన అక్షరములలో తమకు మేలు చేసిన సమాజమునకు కృతజ్ఞత చెప్పిరి గాని తమ పేరులు వ్రాసికొనలేదు. చాలకాలము మరుగైయుండి, 1987లో ఎడింబరోలోని ఒక ఇంటి అటకమీద దొరికిన ఆ బొంత, నేడు ఆస్ట్రేలియా జాతీయ చిత్రశాలలో భద్రముగా నున్నది. కుట్టినవారి పేరులు దానిమీద చదువలేము. తన గొఱ్ఱెలను పేరు పెట్టి పిలుచు కాపరికి అవి తెలియును.

మన జీవితమును ఓడ ప్రయాణమే. గోల్ ఘర్ వీధిలో తెలుగువారును, తమిళులును, బెంగాలీలును, రాంచీవారును ఒకరి ప్రక్కన ఒకరు జీవించుచున్నారు. మన ఊళ్లలోను అట్లే. నీ ప్రక్కను కూర్చున్నవాని చేతిలో తునకలు తప్ప మరేమియు లేకపోవచ్చును. రేవు చేరిన తరువాత చూతమని అనకుము. ఓడలోనే నీకు సమయమున్నది. నీకు వచ్చిన కుట్టునో, అక్షరమునో, లెక్కనో వానికి నేర్పుము.

ప్రార్థన: ముక్కలను పోగుచేయు ప్రభువా, మేము పారవేసిన వారిని నీవు లెక్కించుచున్నావు. ఇచ్చుటకు మాత్రమే చాపిన మా చేతులకు నేర్పు ఓపికను దయచేయుము. పనిచేయువారి కూలి మా యొద్ద నిలిచియుండనియ్యకుము. మా తునకలను నీ ప్రేమలో ఒకటిగా కుట్టుము. ఆమేన్.