వినవలసినవానికే వినబడిన మాట

లక్కయింటి కథ నెఱుగని తెలుగువారుండరు. కాని ఆ కథలో మంటలు లేచిన రాత్రికంటె, ఆ మంటలను గూర్చిన మాట తొలుత వినబడిన పగలే నాకు మహత్తరముగ తోచును. పాండవులు తల్లితో గూడ వారణావతమునకు బయలుదేరిన ఆ దినమున హస్తినాపుర వీధులు పౌరులతో క్రిక్కిఱిసియుండెను; ధృతరాష్ట్రుని పక్షపాతమును కొందఱు బాహాటముగనే నిందించుచుండిరి. దుర్యోధనుని పనుపున పురోచనుడు ముందుగనే వారణావతము చేరి, జనుము, సర్జరసము, లక్క, నేయి, నూనె చేర్చి యిల్లు కట్టించు పనిలో నుండెను. ఆ దుర్మంత్రము పుట్టిన కొలువులోనే మంత్రియై, ఆ రాజు కూడే తినుచున్న విదురుడు, జనమధ్యముననే ధర్మరాజును సమీపించి, ఇతరులకు బోధపడని మ్లేచ్ఛభాషలో నాలుగు మాటలు చెప్పెను.

లోహముతో చేయనిదయ్యు దేహమును కోయు ఆయుధము కలదు. గడ్డిని కాల్చి చలిని పోగొట్టునది బిలములో నున్న ప్రాణిని దహింపజాలదు. ఏదుపంది బొరియవంటి దానిని ఆశ్రయించినవాడు అగ్నినుండి బయటపడును. సంచరించుటచేత త్రోవలు, నక్షత్రములచేత దిక్కులు తెలియును. ఐదింద్రియములను వశమున నుంచుకొన్నవానిని శత్రువులు పీడింపలేరు. ఇదియే ఆ పలుకుల తాత్పర్యము. ధర్మజుడు తెలిసినదని మాత్రమే బదులు చెప్పెను. నలుగురిలో ఏమియు చెప్పనట్లే చెప్పిన ఆ మాట ఏమని తరువాత కుంతి యడుగగా, అప్పుడు విప్పి చెప్పెను.

నిప్పును, బిలమును, దిక్కులను గూర్చిన యుపాయముల నడుమ ఇంద్రియనిగ్రహ ప్రసక్తి ఏల వచ్చెనని నేను చాలకాలము తలపోసితిని. అది అలంకారముగ చేర్చిన నీతి కాదు, ఉపాయములోని ముఖ్యభాగమే. ఆ క్షణమున ధర్మరాజు ముఖమున భయరేఖ యొక్కటి కనబడినను విదురుని ప్రయత్నమంతయు వ్యర్థమై యుండెడిది. క్రొత్తయింట అడుగిడినంతనే ధర్మరాజు నేతివాసన, లక్కవాసన పసిగట్టి చెప్పగా, భీముడు వెనుకటి విడిదికే మరలుదమన్నప్పుడు, మనకు తెలిసినట్లు పురోచనునకు తెలిసినచో బలవంతముగనైన కాల్చివేయునని అన్నగారు వారించెను. చంపజూచువాని పంచనే, నవ్వుచు పలుకరించుచు, పగలు వేటనెపమున అడవిదారులు తెలిసికొనుచు, రాత్రులు ఆయుధములతో మెలకువగ నుండుచు వారు సంవత్సర కాలము గడపిరి. ఇంతకు మించిన తపస్సు ఏ ఆశ్రమమున కలదు?

పల్నాటివారికి ఈ ఘట్టము మఱింత లోతుగ నాటును. కార్తికమాసమున కారంపూడి వీరారాధనోత్సవములలో రాచగావు దినమునకు మఱునాడు రాయబారపు దినము; ఆనాడు తలచు గాథ యిది. కోడిపోరున ఓడి వలసపోయిన మాచర్ల పక్షమువారు, గడువైన ఏడేండ్లును నిండగా తమ భాగము తమకిమ్మని అడుగుటకు అలరాజును గురజాలకు పంపిరి. అచ్చటి ప్రభువగు నలగామరాజునకు స్వయాన అల్లుడైన ఆ రాయబారి విషప్రయోగమునకు బలియయ్యెనని వీరగాథ. 12వ శతాబ్ది నాటి యీ కథను వీరవిద్యావంతులు నేటికిని పాడుచుండగా, వినుచున్నవారికి నలగాముని మంత్రిణి నాగమ్మపై కోపము వచ్చుట సహజమే. నాకు మాత్రము ఇతరుల మీదికి చూపు పోవును. విషము తనంతట తాను నడచి వచ్చి మనుష్యుని చేరదు. తెచ్చినవాడు, కలిపినవాడు, కనిపెట్టియు నాకెందుకని నోరు మెదపనివాడు ఉండియే తీరవలెను. వారిలో ఒక్కడు, ఏదో నెపమున చేరువకు వచ్చి, పొడుపుకథవలెనైన ఒక్క మాట పలికియుండినచో అలరాజు భార్య పేరిందేవి పసుపుకుంకుమలు నిలిచెడివి కావా?

విదురుడు మాట చెప్పి చేతులు కడుగుకొనలేదు. నమ్మకమైన ఖనకుని నొకని వారణావతమునకు పంపెను. కృష్ణచతుర్దశి రాత్రి పురోచనుడు నిప్పంటించునని వాడు తెలిపి, నాటి మ్లేచ్ఛభాషా సంభాషణమునే గుర్తుగా పలికి నమ్మించెను. ఇంటి నడుమ బిలము త్రవ్వి, నేలతో సమముగ తలుపు బిగించెను. గంగయొడ్డున పడవను సిద్ధముచేయించినవాడును విదురుడే.

అయినను ఈ కథలో నన్ను వదలని బాధ యొకటి కలదు. కుంతి పెట్టిన విందునకు వచ్చి, త్రాగి, ఆ యింటనే నిద్రించిన నిషాదస్త్రీయు ఆమె యైదుగురు కొడుకులును ఇల్లు కాలిన ఆ రాత్రి దగ్ధమైరి. వారిని తట్టి లేపినవారు లేరు. రహస్యముగ నడచిన హెచ్చరిక తనవారివరకే నడచి ఆగిపోయెను; ఈ లోపమును మహాభారతము దాచలేదు, మనమును దాచరాదు. పాండవులు బ్రతుకుట ధర్మమే గాని, ఆ ఆర్గురి చావు ధర్మమని నా నోట రాదు.

మరునాడు ఆ ఎముకలను చూచి లోకము పాండవులే మరణించిరని నమ్మెను. హస్తినలో ధృతరాష్ట్రుడు తర్పణములు విడిచెను, కౌరవులందఱు విలపించిరి. నిజమెఱిగిన విదురుడు కొద్దిగా మాత్రమే శోకించెనని వ్యాసుడు వ్రాసెను. ఆ మౌనమును ఆయన ద్రౌపదీస్వయంవరము వరకు భరించెను. పాండవులు సజీవులని ధృతరాష్ట్రునకు సంతోషముతో విన్నవించినవాడు ఆయనయే; ద్రుపదుని పురమునకు పోయి వారిని పిలుచుకొనివచ్చినవాడును ఆయనయే.