చెవికి ఇంపు, పాటకు న్యాయం

ఇంట్లో పాట వినే వేళ మనం ఎవరికి బద్ధులం? మన చెవికా, పాడిన వారికా? రికార్డులో ఉన్నది ఉన్నట్లు వినిపించడమే యంత్రధర్మమని ఒక పక్షం వాదిస్తుంది. వినేవారికి ఆనందం కలిగించనిది ఎంత యథాతథమైనా వ్యర్థమని మరొక పక్షం అంటుంది. పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అని సరిపెట్టుకోవచ్చు. కాని ఈ వివాదంలో రుచికి మించిన ధర్మసూక్ష్మం ఒకటి ఉన్నది.

ముందుగా ‘యథాతథం’ అనే మాటను పరిశీలిద్దాం. ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వాయులీనం 78 వేగపు రికార్డులలో మనకు దక్కింది. ఆనాడు గదిలో మోగిన నాదం ఆనాడే గాలిలో కలిసిపోయింది. మైకు పట్టుకున్నంత, ఇంజనీరు ఎంచుకున్నంత, రికార్డు ఇముడ్చుకున్నంత మాత్రమే మిగిలింది. ఒక్కో పక్క మూడు నిమిషాలకు కాస్త అటూ ఇటూ పట్టేది కనుక విద్వాంసులు రాగాన్ని కుదించి వినిపించవలసి వచ్చేది. పైగా రికార్డు చెక్కేటప్పుడు మంద్రధ్వనులను తగ్గించి, తారధ్వనులను పెంచేవారు. వినిపించే యంత్రం దానిని తిరిగి సరిచేయాలి. 1954 ప్రాంతంలో అమెరికా రికార్డు పరిశ్రమ ఒక ఉమ్మడి కొలతను ఆమోదించే వరకు కంపెనీకొక తీరు ఉండేది. కనుక గాడిలో ఉన్నది ఉన్నట్లే వినిపిస్తే అది సత్యం కాదు. యథార్థతకు సైతం తెలివిడి, నిర్ణయం అవసరం.

ఇక చెవి సంగతి. ధ్వని తగ్గినకొద్దీ చెవి మంద్రధ్వనులను మరింత తక్కువగా గ్రహిస్తుందని ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రజ్ఞులు 1933లోనే కొలిచి చూపారు. పొరుగువారి నిద్ర చెడకుండా రాత్రివేళ మెల్లగా వింటూ బాస్ కొంచెం పెంచుకుంటే అది పాటకు అపచారం కాదు. వయసు మీరిన పెద్దలకు తారధ్వనులు సన్నగిల్లుతాయి. తాతగారు ట్రెబుల్ పెంచుకుంటే సాహిత్యంలోని శ, ష, స లు ఆయనకు మళ్లీ స్పష్టమవుతాయి. పైకి ఇష్టంగా కనబడే ఈ మార్పు నిజానికి పాటను చేరుకునే దారి.

అయితే మన ఇష్టమంతా మనదేనా? ఫ్లాయిడ్ టూల్ అనే శాస్త్రజ్ఞుడు కెనడాలో, ఆ తరువాత అమెరికాలో స్పీకర్లను తెర చాటున ఉంచి శ్రోతల అభిప్రాయం సేకరించారు. పేరు, ధర, ఆకారం కనబడనప్పుడు ఎక్కువమంది, ఏ స్థాయినీ అతిగా పెంచక తగ్గించక సమంగా పలికే స్పీకర్లనే మెచ్చారు. రుచికి, యథార్థతకు మనం అనుకున్నంత వైరం లేదన్నమాట. రుచి అని మనం పిలిచేదానిలో కంటికి, అలవాటుకు, హోదాకు చెందిన పాలు కొంత కలిసి ఉంటుంది. శ్రేయస్సు, ప్రేయస్సు రెండూ మనిషి ఎదుటికి వస్తాయనీ, వివేకి వాటిని విడదీసి చూస్తాడనీ కఠోపనిషత్తు బోధిస్తున్నది. ఆ విడదీయడమే ఇక్కడ కూడా మొదటి మెట్టు.

మాతృభూమికి దూరంగా ఉన్న మనకు ఈ విచారణ మరింత అవసరం. పెద్దలు పెట్టెల్లో మోసుకువచ్చిన క్యాసెట్లను మనం ఇప్పుడు కంప్యూటర్లలోకి ఎక్కిస్తున్నాం. రొద చెవికి గుచ్చుకుంటుందని దానిని పూర్తిగా తుడిచివేస్తే, దానితోపాటు తంబుర తీగల కింది నూలుపోగు పుట్టించే సన్నని ఝంకారం కూడా పోవచ్చు. పాత యంత్రం నూటికి ఆరు వంతులు వేగంగా తిరిగితే శ్రుతి దాదాపు ఒక స్వరస్థానం పైకి జరుగుతుంది. ఒకటి శ్రుతిలో పాడిన గాత్రం ఒకటిన్నర శ్రుతిలో వినబడుతుంది, లయ కూడా పరుగెత్తుతుంది. ఆ హుషారు మనకు నచ్చవచ్చు. కాని దానిని విని నేర్చుకునే పిల్లవాడు ఆ గాయకుడి గొంతే అంత అనుకుంటాడు. అది అబద్ధమని అతనికి చెప్పేవారు ఉండరు.

ఇక్కడే గీత గీయవచ్చునని మా అభిప్రాయం. మీట తిప్పితే వెనక్కి వచ్చే మార్పు రుచికి సంబంధించినది. అందులో ప్రతి ఇంటికీ స్వేచ్ఛ ఉన్నది. తిరిగి రాని మార్పు మరొకరి హక్కుకు సంబంధించినది. పాడినవారు తమ గొంతును కాపాడుకోవడానికి లేరు. వినబోయేవారు ఇంకా పుట్టలేదు. ఇద్దరి తరఫునా నిలబడవలసినది మధ్యలో ఉన్న మనమే. కనుక క్యాసెట్టు ఎక్కించేటప్పుడు ముందు వేగం సరిచూసి, రొదతో సహా ఒక ప్రతిని ముట్టుకోకుండా దాచుదాం. శుభ్రపరచిన ప్రతిని వేరుగా చేసుకుని, ఏది ఏదో దాని మీద రాసి పెడదాం. ఆ తరువాత బాస్ ఎంత పెంచుకోవాలన్నది ఎవరి గది వారిది, ఎవరి చెవి వారిది.