ఆ పక్షే ఈ పక్షా?

షెట్లాండ్ దీవుల్లో మూసా అనే చిన్న దీవి ఉంది. అక్కడ దాదాపు 2,000 ఏళ్ల నాటి రాతి బురుజు, 13 మీటర్ల ఎత్తున, ఇంకా నిలబడే ఉంది. సున్నం లేకుండా పేర్చిన ఆ గోడల సందుల్లో వేసవిలో స్టార్మ్ పెట్రెల్ పక్షులు కాపురం పెడతాయి. పగలు చూస్తే వట్టి రాళ్లే. గల్ పక్షుల కంట పడితే ప్రాణం దక్కదు కాబట్టి అవి చీకటి పడ్డాకే సముద్రం మీంచి వస్తాయి. అప్పుడు గోడే గురగురమంటుంది.

పిచ్చుకంత పక్షి. బరువు 25 గ్రాములు. ఒళ్లంతా నలుపు, తోక మొదట్లో తెల్ల పట్టీ. ఆడా మగా తేడా తెలియదు, ఒకదాన్ని చూస్తే వెయ్యింటిని చూసినట్టే. సముద్రంలో మునిగిపోయిన వాళ్ల ఆత్మలే ఇవని పూర్వం నావికులు చెప్పుకునేవారు. ఏ పక్షి ఎవరి ఆత్మో తేల్చమంటే మాత్రం వాళ్ల తరం కూడా అయ్యేది కాదు.

ఆ తేల్చడం గురించే మన తార్కికులు శతాబ్దాల పాటు వాదులాడుకున్నారు. ఎప్పుడో ఒక ఊళ్లో చూసిన దేవదత్తుడు ఇప్పుడు మరో ఊళ్లో ఎదురైతే ‘వీడే వాడు’ అంటాం. దీన్ని ప్రత్యభిజ్ఞ అన్నారు. వస్తువు కాలంలో నిలిచి ఉంటుందనడానికి న్యాయదర్శనం వాళ్లయిన నైయాయికులు చూపిన గట్టి సాక్ష్యం ఇదే. క్షణికవాదులైన బౌద్ధులు ఒప్పుకోలేదు. దీపంలో క్షణక్షణానికీ కొత్త మంట పుడుతుంటే, పోలికను బట్టి అంతా ఒకటే అనుకోవడం లేదా అన్నారు. వాళ్లకు జవాబుగా ఉదయనుడు ‘ఆత్మతత్త్వవివేకం’ అనే గ్రంథమే రాశాడు.

పెట్రెల్ విషయంలో ఈ తగువు ఒక చిన్న లోహపు కడియం దగ్గరకొచ్చింది. రాత్రిపూట ఒడ్డున సన్నని వల కట్టి, పక్షి కూత రికార్డు వేస్తారు. ఆ పిలుపుకు వచ్చి వలలో పడ్డదాన్ని అరచేతిలో పట్టుకుని, శ్రావణంతో కాలికి కడియం నొక్కుతారు. ఈలోగా అది ఊరుకోదు. ఘాటైన వాసనతో కడుపులోని నూనెను చొక్కా మీద కక్కుతుంది. కడియం మీద ఒక నంబరు ఉంటుంది. దాన్ని చదివి పుస్తకంలో రాసుకుని వదిలేస్తారు.

మొదట గెలిచింది బౌద్ధులే. ఒకే తీరంలో రాత్రి తర్వాత రాత్రి అవే పక్షులు తిరుగుతున్నాయని చూసేవాళ్లకు అనిపిస్తుంది. కడియాలు చూస్తే చాలావరకు కొత్తవే. ఇంకా జత కట్టని కుర్రపక్షులు తీరం వెంట ఒక చోటి నుంచి ఇంకో చోటికి దేశాలు పట్టి తిరుగుతుంటాయి. తెగని ప్రవాహాన్ని కళ్లు గుప్పెడు పక్షులనుకున్నాయన్నమాట.

ఆ తర్వాత నైయాయికుల వంతు వచ్చింది. చలికాలమంతా దక్షిణాఫ్రికా, నమీబియా సముద్రాల మీద గడిపిన పక్షి వేసవికి తిరిగొచ్చి, పాత సందులోనే ఏడాదికి ఒక్కటంటే ఒక్క గుడ్డు పెడుతుంది. కడియం వేసి 30 ఏళ్లు దాటాక దొరికిన పెట్రెళ్లూ ఉన్నాయి. అంత చిన్న ప్రాణికి అంత ఆయుష్షు ఉందని కడియం లేకుండా ఎవరు నమ్మేవారు?

అయితే నైయాయికులు మరీ సంబరపడటానికి లేదు. దేవదత్తుణ్ణి గుర్తుపట్టేవాడికి పాత దేవదత్తుడు జ్ఞాపకం ఉండాలి. ఇక్కడ పక్షిని చేతిలో పట్టుకున్న మనిషి దాన్ని ఇంతకుముందు చూసి ఉండకపోవచ్చు, కడియం వేసినవాడు కాలం చేసి ఉండవచ్చు. జ్ఞాపకమంతా పుస్తకంలో ఉంది. ఇది కళ్లతో తెలిసే ప్రత్యక్షం కాదు, నంబరును గుర్తుగా పట్టుకుని ఊహించి తేల్చిన అనుమానం. ఆ రాత్రి టార్చి వెలుగులో అంకె సరిగ్గా చదివాడన్న నమ్మకం మీద నిలిచింది కాబట్టి కొంత శబ్దప్రమాణం, అంటే ఒకరి మాట మీది నమ్మకం, కూడా. కడియం అరిగిపోతే కొత్తది వేసి, పాత నంబరు పక్కన కొత్త నంబరు రాస్తారు. ఈకలా, అవీ ఏటేటా రాలి కొత్తవి వచ్చినవే.

ఈ గుర్తింపుకు పక్షి చెల్లించే మూల్యమూ ఉంది. పొదిగే తొలి రోజుల్లో పట్టుకుంటే గుడ్డును వదిలేసి పోవచ్చు. అందుకే తెలిసినవాళ్లు అప్పుడు సందులో చెయ్యి పెట్టరు. అక్కడ ఒకటి పొదుగుతుంటే, రెండోది రోజుల తరబడి మేతకు పోయి నడిరాత్రి తిరిగొస్తుంది. వేలాది సందుల్లో తనదేదో అదే వెతుక్కుంటుంది. వాసన పట్టడంలో ఈ జాతి దిట్ట. ఆ చీకట్లో జంట పక్షులు ఒకదాన్నొకటి పోల్చుకోవడానికి కాలి కడియంతో పనిలేదు.