కూల్చినవాళ్లది కూడా ఆ ఊరే

కాలం దేన్నీ మిగల్చదంటాం. శిథిలాల ముందు నిలబడితే చాలు, ఆ మాట దానంతటదే నోటికొస్తుంది. హగి కోట దగ్గర మాత్రం నాకది రాలేదు.

జపాన్ పశ్చిమ తీరంలో, షిజుకి కొండ కింద మోరి తెరుమోతో అనే ప్రభువు 1604లో కట్టడం మొదలుపెట్టిన కోట అది. ఇప్పుడు కందకంలో నీళ్లున్నాయి, వంపు తిరిగిన రాతి గోడలున్నాయి. వాటిమీద ఐదంతస్తుల సౌధం ఉండాల్సిన చోట ఏమీ లేదు. దాన్ని శత్రువులు కాల్చలేదు, భూకంపం కూల్చలేదు. 1873లో కొత్త ప్రభుత్వం నుంచి కోటల రద్దుకు ఆజ్ఞ వచ్చింది. మరుసటేడు దీన్ని విప్పేశారు. ఆ ప్రభుత్వాన్ని నిలబెట్టిన వాళ్లలో ఒకడైన కిదో తకయోషి పుట్టిన ఇల్లు ఈ కోట ఊళ్లోనే ఉంది.

సొంతవాళ్లు తీసేసిన దాన్ని కాలం ఖాతాలో ఎలా వేస్తాం?

పాతది పోనిదే కొత్తది రాదంటారు. అది గెలిచినవాళ్ల మాట. ఇదే ఊరి గురువు యోషిదా షోయిన్ శిష్యుల్లో ఇతో హిరోబుమి దేశానికి తొలి ప్రధాని అయ్యాడు. అదే గురువు దగ్గర చదివిన మయెబారా ఇస్సెయి 1876లో ఇక్కడే తిరగబడ్డాడు. తోటి శిష్యులు పెద్దలుగా ఉన్న ప్రభుత్వం అతనికి మరణశిక్ష వేసింది. అతని ముందు నిలబడి కొత్తదనం గురించి మాట్లాడగలమా?

కోట నుంచి సమురాయ్‌ల వీధుల్లోకి వచ్చాను. మే నెల. మట్టి గోడల మీదుగా పూల వాసన. కొమ్మలకు పండ్లూ పూలూ ఒకేసారి ఉన్నాయి. నత్సుమికాన్, పుల్లటి పెద్ద నారింజ. ప్రభువులూ భత్యాలూ పోయాక బతుకుతెరువు లేని సమురాయ్‌ల చేత ఒబాతా తకమాసా అనే ఆయన ఈ చెట్లు పెరళ్లలో పెంచేలా చేశాడు. సముద్రపు గాలి చెట్లకు తగలకూడదు కాబట్టి గోడలు పడగొట్టలేదు. అందుకే ఆ వీధులు మిగిలాయి. పూర్వీకుల మీద గౌరవంతోనే ఊళ్లు నిలుస్తాయని మనం నమ్ముతాం. ఇక్కడ నిలిపింది మాత్రం పూట గడవాల్సిన అవసరం. ఆ గోడల పక్కన నడుస్తుంటే నా కోపం కొంత తగ్గింది. కోటతో ఎవరికీ అలాంటి పని పడలేదేమో. కూల్చినవాళ్లను నిందించడం కష్టమైంది.

కానీ ఈ లెక్కలో మయెబారాను ఎక్కడ పెట్టాలో నాకింకా తోచడం లేదు.