డీజిల్‌లో దాగిన ఎత్తు

ఇంజన్ ఆల్టర్నేటర్‌ను తిప్పుతుంది. ఆ కరెంటుతో మోటారు, మోటారుతో హైడ్రాలిక్ పంపు నడిచి, వీధిదీపాలు బాగుచేసే లారీ మీది బుట్ట పైకి లేస్తుంది. ఈ లేవడం డీజిల్‌లో ముందే ఉందా? కార్యం కారణంలో ముందే ఉంటుందనడానికి సాంఖ్య దార్శనికుడు ఈశ్వరకృష్ణుడు తన సాంఖ్యకారికలో 5 హేతువులు చూపాడు. శక్తి లెక్క ఆయన పక్షమే: ఏ మెట్టులోనూ కొత్త శక్తి పుట్టదు, పైగా ప్రతి మార్పులో కొంత వేడిగా పోతుంది.

మరి కుండ మట్టిలోనే ఉంటే కుమ్మరి దేనికని న్యాయదర్శనం వారైన నైయాయికుల ఆక్షేపణ. దాగినదాన్ని వ్యక్తం చేయడానికే అన్న సాంఖ్యుల జవాబు నాకు చాలదు. ఆ వ్యక్తం కావడమూ ముందే ఉంటే శ్రమ వృథా, లేకుంటే కొత్తదేదో పుట్టినట్టే. లారీలోనూ అంతే. పంపును గేర్లతో నేరుగా ఇంజన్‌కు కలిపితే దాని వేగం ఇంజన్ వేగానికి కట్టుబడుతుంది. మధ్యలో కరెంటు వస్తే మోటారు తనకు కావలసిన వేగంతో తిరుగుతుంది. బ్యాటరీ కూడా ఉంటే ఇంజన్ ఆపినా పని సాగుతుంది. ఈ స్వేచ్ఛ డీజిల్ చుక్కలో లేదు, కూర్పులో ఉంది. ఆ కూర్పూ ఇనుములో, రాగిలో దాగే ఉందని వాదించవచ్చు. కానీ అదే రాగితో బిందె కూడా అవుతుంది. రెండూ అందులోనే దాగి ఉన్నాయంటే, బిందె కాక మోటారే ఎందుకైందో ఇంకా చెప్పనట్టే.