పైడితల్లమ్మ అన్నయ్య, మా బావ, నేను

ఈ వారం వీడియోలో గజేంద్ర మోక్షం గురించి చెప్పుకున్నాం కదా. ఏనుగుగా పుట్టకముందు ఆయన ఇంద్రద్యుమ్న మహారాజు. అగస్త్యుడు వస్తే లేచి నిలబడలేదు, శాపం తగిలింది. అక్కడ నేను చాలా ఈజీగా ఒక మాట అనేశాను: గర్వపడ్డవాడే బాధపడ్డాడు, బాధపడ్డాక గర్వం పోయింది, లెక్క సరిపోయింది అని. ఎడిటింగ్‌లో ఆ ముక్క మళ్లీ విన్నప్పుడు నాకే సిగ్గేసింది. మాది విజయనగరం. మా ఊళ్లో పుట్టినవాడు ఆ మాట అనకూడదు. మా అమ్మవారి కథలో గర్వం ఒకరిది, బాధ ఇంకొకరిది.

బొబ్బిలి యుద్ధం సినిమా చూసే ఉంటారు. 1757. విజయనగరం, బొబ్బిలి పక్కపక్క సంస్థానాలు, ఎప్పటి నుంచో పగ. పూసపాటి విజయరామరాజు ఫ్రెంచి సేనాని బుస్సీని, అతని ఫిరంగుల్ని వెంటబెట్టుకుని జనవరి 24న బొబ్బిలి కోట మీద పడ్డాడు. కోట నిలవదని తెలిశాక, లోపల ఉన్న ఆడవాళ్లూ పిల్లలూ శత్రువుకి చిక్కకూడదని సొంతవాళ్ల చేతుల్లోనే ప్రాణాలు పోగొట్టుకున్నారు. కొద్ది రోజులకే తాండ్ర పాపారాయుడు గుడారంలో దూరి విజయరామరాజుని పొడిచి చంపాడు. గెలిచినవాడు కూడా మిగల్లేదు.

ఆ రాజు చెల్లెలే పైడిమాంబ. యుద్ధం వద్దని అన్నకి చెప్పిందని, ఆయన వినలేదని మావాళ్లు చెప్పుకుంటారు. అప్పుడామెకి మశూచి. ఒళ్లంతా పుళ్లతోనే, అన్నకి ప్రమాదం ఉందని పతివాడ అప్పలనాయుడిని తోడు తీసుకుని బయల్దేరితే, అన్న పోయాడన్న కబురు ఎదురైంది. ఆ దుఃఖం తట్టుకోలేకపోయింది. తన విగ్రహం పెద్దచెరువులో దొరుకుతుందని అప్పలనాయుడికి చెప్పిందట. జాలర్లు వల వేసి తీశారు. ఆవిడే మన పైడితల్లమ్మ.

మరి ఆవిడ చేసిన తప్పేంటి? పూర్వజన్మ పాపం అందామా? నా చిన్నప్పటి నుంచీ ఈ జవాబు నోటి చివరే ఉండేది.

మా ఆఫీసులో ఒక క్రైస్తవ ఫ్రెండ్ ఉన్నాడు. లంచ్‌లో ఈ కథ చెబితే, వాళ్ల బైబిల్లో యోబు కథ ఇలాగే ఉంటుందన్నాడు. మంచివాడు. పశువులు పోయాయి, పిల్లలు పోయారు, అరికాలి నుంచి నడినెత్తి దాకా కురుపులు. చూడటానికి వచ్చిన స్నేహితులు ఏడు రోజులు మాట్లాడకుండా పక్కన కూర్చున్నారు. అక్కడిదాకా బాగానే ఉంది. తర్వాత నోరు తెరిచి, నువ్వేదో పాపం చేసే ఉంటావని మొదలుపెట్టారు. చివర్లో దేవుడికి కోపం వచ్చింది యోబు మీద కాదట, ఆ స్నేహితుల మీద. నేను ప్లేటు ముందు అలాగే కూర్చుండిపోయాను.

ఆలోచిస్తే మన ముసలమ్మలకి ఇది ఎప్పుడో తెలుసు. మశూచి వస్తే పాపం తగిలింది అనలేదు, "అమ్మవారు పోసింది" అన్నారు. గుమ్మానికి వేపాకు కట్టి, రోగి పడుకున్న మంచాన్నే గుడిలా చూసుకున్నారు. (ఆ జబ్బుని పంపించింది టీకానే, అందులో నాకు డౌటు లేదు.) కానీ పుళ్లతో ఉన్న మనిషిలో పాపిని కాకుండా అమ్మవారిని చూడగలగడం చిన్న విషయం కాదు.

ఇక నా సంగతి. కెమెరా ముందు చెప్పలేను, ఇక్కడ రాస్తున్నాను. నాన్న పోయినప్పుడు పెద్దకార్యం రోజున మా బావ పదిమందిలో ఒక మాటన్నాడు, హైదరాబాద్‌లో కూర్చుని డబ్బులు పంపితే కొడుకైపోడని. నేనూ ఊరుకోలేదు, అంతకి రెండు మాటలు అన్నాను. అంతే, పద్నాలుగు నెలలు మాటల్లేవు. మా అప్ప నాకు ఫోన్ చేయాలంటే డాబా మీదికెళ్లి చేసేది. ఆమెకి బీపీ మొదలైంది, నిద్ర లేదు. నేనేం చేశానో తెలుసా? అరసవల్లి వెళ్లి అప్ప పేరున పూజ చేయించాను. స్వామీ, మా అప్పకి ఎందుకిన్ని కష్టాలు అని అడిగాను కూడా! బావ నంబరు జేబులోనే ఉంది.

దసరాకి అప్ప ఒక్కతే వచ్చింది. ప్రసాదం చేతిలో పెడితే తీసుకుని, మెల్లగా అంది, "నువ్వూ బాగానే ఉన్నావు, ఆయనా బాగానే ఉన్నారు. మద్దెలో నానే సచ్చిపోతన్నాను." నాకు అరసవల్లిలో దొరకని జవాబు అది.

దసరా వెళ్లాక మంగళవారం సిరిమాను. ఇద్దరం జనంలో నిలబడ్డాం. ముందు పాలధార, అంజలి రథం, తెల్ల ఏనుగు వెళ్లాయి. తర్వాత అంత పొడుగు చింతమాను, దాని చివర గాల్లో పూజారి. మూడులాంతర్ల నుంచి కోట దాకా మూడుసార్లు. ఎన్నిసార్లు చూశానో, ఆ రోజే తట్టింది. మాట వినని అన్న గుమ్మం దాకా చెల్లెలు ఏటేటా వచ్చి వెళ్తోంది. కబురు ఇంకా చెబుతూనే ఉన్నట్టుంది.

అరటిపళ్లు నెత్తిమీద పడుతుంటే ఫోన్ తీశాను. చేతులు వణికాయి, నిజం. రింగ్ అయింది, ఎత్తాడు. ఏం మాట్లాడాలో తెలీక, "సిరిమాను కోట దగ్గరికొచ్చింది బావా" అన్నాను.

అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత బావ, "మీ అప్పకి కనబడతందా? జనంలో దానికి కనబడదు, ఎక్కడైనా ఎత్తు మీద నిలబెట్టు" అన్నాడు.