పది విషయాలు చదివాం. అది జ్ఞానమేనా?



ఈ రోజు ఒక చిన్న ధర్మసందేహం గురించి మాట్లాడుకుందామండీ. ఏదో ఒక మాటకి అర్థం చూద్దామని ఫోనులో నిఘంటువు తెరుస్తాం. దాని పక్కనే ఇంకో మాట కనిపిస్తుంది. అట్నుంచి విజ్ఞాన సర్వస్వంలోకి వెళ్తాం. మిరపకాయ దగ్గర మొదలుపెట్టి పోర్చుగీసు ఓడలు, తిమింగలాలు, శని గ్రహం చుట్టూ ఉన్న వలయాలు... గంట గడిచిపోతుంది. పెద్దవాళ్లు "ఉత్త కాలక్షేపం" అంటారు. పిల్లలేమో "సినిమా చూడట్లేదు కదా, చదువుతున్నాం" అంటారు. ఎవరిది న్యాయం?

ఛాందోగ్యోపనిషత్తు ఏడో అధ్యాయంలో నారద మహర్షి సనత్కుమారుల వారి దగ్గరికి వెళ్తాడు. తనకి వచ్చిన విద్యలన్నీ వరసగా చెప్తాడు. వేదాలు, ఇతిహాస పురాణాలు, గణితం, నక్షత్ర విద్య, చివరికి సర్ప విద్య కూడా. ఇన్ని తెలిసినా నా దుఃఖం పోలేదు స్వామీ అంటాడు. నువ్వు నేర్చినదంతా నామమే, అంటే పేర్లే, అంటారు సనత్కుమారులు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. ఆయన పేర్లని పారెయ్యమనలేదు. ఆ నామాన్నే ఉపాసించమన్నారు. దాన్ని మొదటి మెట్టుగా పెట్టి, వాక్కు, మనస్సు అంటూ పైపైకి భూమా దాకా తీసుకెళ్లారు. మెట్టు మీద కాలు పెట్టడం తప్పు కాదు. అక్కడే కూర్చుండిపోతేనే చిక్కు.

పైగా ఆ మెట్టు కట్టిన వాళ్ల కష్టం చూడండి. పెనుగంచిప్రోలులో పుట్టిన కొమర్రాజు లక్ష్మణరావు గారు తెలుగులో విజ్ఞాన సర్వస్వం తేవాలని పూనుకున్నారు. మూడు సంపుటాలు వచ్చినా 'అ' అక్షరం దాటలేదు. 1923లో ఆయన కన్నుమూశారు. ఒక జీవితం ఒక అక్షరానికి సరిపోయింది! అలాంటి వాళ్ల శ్రమని ఉత్త కాలక్షేపం అని ఎలా కొట్టిపారేస్తాం?

మరి పై మెట్టు ఏది? ఉపనిషత్తు చెప్పేది చాలా ఎత్తైన మాట. మనలాంటి సంసారులకి అందేంత వరకు చూద్దాం. 1928లో ఒంగోలులో పుట్టిన భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో 1962లో వ్యవసాయ పదాల మాండలిక వృత్తి పదకోశం వచ్చింది. ఏ పనిముట్టుని ఏ జిల్లాలో ఏమంటారో రైతుల నోటి నుంచే విని రాసుకున్నారు. అంటే ఆ పేజీలో ప్రతి మాట వెనకా ఒక మనిషి ఉన్నాడు. పేరు నుంచి ఆ మనిషి దాకా వెళ్లడమే మనకి అందే మెట్టు.

మిరప మన పంట కాదనీ, అమెరికా ఖండాల నుంచి వచ్చిందనీ చదివాం, సంతోషం. కానీ మన గుంటూరు, ప్రకాశం పల్లెల్లో కాయ కోసే తల్లుల చేతులు రాత్రంతా మండుతాయని తెలుసా? కళ్లంలో కూర్చుని తాలుకాయలు ఏరే అమ్మకి నడుం ఎంత లాగుతుందో అడిగామా? పత్తి గురించి పేజీలు చదివినవాడు, పత్తి తీతకి వచ్చినావిడకి కూలి డబ్బులు ఆ రోజే ఇస్తున్నాడా?

చదివింది మన కళ్లు తెరిపిస్తే అది విద్య. నలుగురిలో చెప్పుకోవడానికే పనికొస్తే అది అలంకారం. ఏమీ మిగల్చకపోతే అప్పుడు పెద్దవాళ్లన్న మాటే నిజం.

కాబట్టి పిల్లలు చదువుతుంటే ఫోను లాక్కోకండి. పక్కన కూర్చుని "ఏం చదివావు నాన్నా? ఇది మన ఊళ్లో ఎవరికి తెలుసు? వెళ్లి అడిగొద్దామా?" అనండి. ఆ ఒక్క ప్రశ్న చాలు, వాళ్లకి పై మెట్టు కనిపిస్తుంది.

శుభం.